శాస్త్రవేత్త పుస్తకం, ఏజెంట్ ఉత్తరం

రచయితల తరఫున పబ్లిషర్లతో వ్యవహరించే లిటరరీ ఏజెంట్ల నుంచి పత్రికలకు ఒక రకం ఉత్తరాలు వస్తుంటాయి. పుస్తకాల పేజీ చూసే పనిలో ఉన్నంతకాలం నాకూ తరచూ వచ్చేవి. మొదటి పేరా అంతా రచయిత గురించే ఉంటుంది. ఏ బహుమతి వచ్చింది, ఏ అకాడమీలో సభ్యుడు, ఏ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. రెండో పేరాలో ఆయన గురించి పేరున్న మరో ఇద్దరు అన్న మాటలు. పుస్తకంలో ఏముందో చెప్పడానికి చివర్లో రెండు వాక్యాలు మిగులుతాయి. ఆ తర్వాత విడుదల తేదీ, ఇంటర్వ్యూకి రచయిత ఏ రోజుల్లో ఎంతసేపు దొరుకుతారన్న వివరం. ఉత్తరం పూర్తయ్యేసరికి రచయిత ఎంత గొప్పవాడో బాగా అర్థమయ్యేది. పుస్తకం ఏం వాదిస్తోందో, ఆ వాదన నిలుస్తుందో లేదో ఎలా తేల్చుకోవాలో మాత్రం తెలిసేది కాదు.

ఏజెంట్ పబ్లిసిటీ అడగడం తప్పని నేను అనను. మంచి పుస్తకం ఎవరి చేతికీ చేరకుండా పోవడం నిజమైన నష్టం. నా అభ్యంతరం అడిగే తీరు మీద. శాస్త్రవేత్త పుస్తకానికి పత్రికల నుంచి ముందు కావాల్సింది పరీక్ష. ప్రశంస ఆ తర్వాత సంగతి. ఆ పరీక్ష సరిగ్గా జరిగేలా చూడటమే ఆ పుస్తకానికి ఏజెంట్ చేయగల పెద్ద మేలు అని నా నమ్మకం.

అసలు పబ్లిసిటీ అనేది ఏజెంట్ పని కిందకు రాదు. రచయిత తరఫున పబ్లిషర్‌ని వెతకడం, బేరం మాట్లాడటం, ఒప్పందం రాయించడం, అనువాద హక్కులు అమ్మడం ఆ ఉద్యోగం. రచయితకు వచ్చే డబ్బులో సాధారణంగా 15 శాతం, విదేశీ హక్కుల మీదైతే 20 శాతం దాకా కమీషన్. పబ్లిషర్ ముందుగా ఇచ్చిన అడ్వాన్స్ రాయల్టీల్లో తీరిపోయాక గానీ రచయితకు మళ్లీ డబ్బు రాదు, ఏజెంట్‌కీ రాదు. పబ్లిషర్ దగ్గర పబ్లిసిటీ చూసే మనిషి చేతిలో ఒకే సీజన్‌లో బోలెడు పుస్తకాలుంటాయి. ఒక్కోదానికి నాలుగైదు వారాలు కేటాయిస్తే గొప్ప. పైగా పత్రికల్లో పుస్తకాల పేజీలు ఏటేటా చిక్కిపోతున్నాయి. అందుకని ఏజెంట్లు తామే ఉత్తరాలు రాస్తారు, ఫోన్లు చేస్తారు. వాళ్లలో చాలామంది రచయిత కోసం నిజంగా టెన్షన్ పడటం నేను చూశాను. కమీషన్ కోసమే అనుకుంటే వాళ్లకు అన్యాయం చేసినట్టే.

కానీ శాస్త్రవేత్త రాసిన పుస్తకానికీ ఒక నవలకీ పబ్లిసిటీ విషయంలో పెద్ద తేడా ఉంది. నవల బాగుందనో బాగాలేదనో అంటాం. సైన్స్ పుస్తకం ప్రపంచం ఫలానా విధంగా ఉందని చెబుతుంది. చదివినవాళ్లు దాన్ని నమ్మి ఆహారం మార్చుకుంటారు, మందులు వేసుకుంటారు, పిల్లల్ని పెంచే పద్ధతి మార్చుకుంటారు. ఇదే శాస్త్రవేత్త ఒక పరిశోధనా పత్రం రాస్తే, అది అచ్చవకముందే ఆ రంగంలోని మరికొందరు చదువుతారు. లెక్కలు అడుగుతారు, ప్రయోగం వివరాలు అడుగుతారు, ఒప్పుకోకపోతే తిప్పి పంపుతారు. విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థలు పుస్తకాలకు కూడా ఇలాంటి పద్ధతి పాటిస్తాయి. మామూలు పాఠకుల కోసం పుస్తకాలు వేసే వాణిజ్య ప్రచురణ సంస్థల్లో ఆ ఏర్పాటు సాధారణంగా ఉండదు. ఎడిటర్ వాక్యం చూస్తారు. పరువునష్టం కేసులు వస్తాయేమోనని లాయరు చూస్తారు. చెప్పిన సంగతులు నిజమేనా అని చూసే బాధ్యత చాలావరకు రచయిత మీదే వదిలేస్తారు. కొందరు రచయితలు సొంత డబ్బు పెట్టి సరిచూపించుకుంటారు కూడా.

అంటే ఆ పుస్తకాన్ని రచయితతో ఏ సంబంధమూ లేకుండా, తెలిసిన కళ్లతో చదివే మొదటి మనిషి చాలాసార్లు పత్రికకు సమీక్ష రాసే మనిషే. ఆ మనిషికి పుస్తకం సమయానికి చేరిందా, చదివే తీరిక దొరికిందా అన్నది చిన్న విషయం కాదు.

స్టీఫెన్ హాకింగ్ పుస్తకం 'ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్' విషయంలో ఏం జరిగిందో చూడండి. ఈ సంగతులు ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు. విమానాశ్రయాల పుస్తకాల షాపుల్లో అమ్ముడుపోయే పుస్తకం రాయాలని ఆయన కోరిక. మొదటి అధ్యాయం ముసాయిదా చూసిన ఏజెంట్ ఆల్ జుకర్‌మన్ అదేం కుదరదని చెప్పేశారట. విద్యార్థులూ అధ్యాపకులూ కొంటారేమో కానీ అంత జనంలోకి వెళ్లదని ఆయన అంచనా. చివరికి పుస్తకం బాంటమ్ సంస్థకు వెళ్లింది. అక్కడి ఎడిటర్ పీటర్ గుజార్డీ శాస్త్రవేత్త కాదు. అధ్యాయం తిరగరాసి పంపిన ప్రతిసారీ, తనకు అర్థం కానివన్నీ ప్రశ్నలుగా రాసి వెనక్కి పంపేవారు. ఇది ఎప్పటికీ తెమిలేలా లేదని హాకింగ్‌కి ఒక్కోసారి అనిపించిందట. అయినా గుజార్డీ చేసిందే సరైనదని, దానివల్లే పుస్తకం ఎంతో మెరుగైందని హాకింగ్ ఒప్పుకున్నారు.

అసలు గండం విడుదలకు ముందు వచ్చింది. 'నేచర్' అనే సైన్స్ పత్రిక సమీక్ష కోసం ముందస్తు ప్రతిని ఒక శాస్త్రవేత్తకు పంపింది. ఆయన తెరిచి చూస్తే పుస్తకం నిండా తప్పులు. ఫొటోలు, బొమ్మలు ఒకచోట ఉండాల్సినవి ఇంకోచోట ఉన్నాయి, వాటి కింద పేర్లు తారుమారయ్యాయి. ఆయన వెంటనే బాంటమ్‌కి ఫోన్ చేశారు. వాళ్లు హడలిపోయి, ఆ ముద్రణ మొత్తాన్ని వెనక్కి తీసుకుని పారేయాలని అదే రోజు నిర్ణయించారు. మూడు వారాలు ఊపిరి సలపకుండా పనిచేసి, మొత్తం సరిచూసి, 1988 ఏప్రిల్ 1 విడుదలకు అందించారు. తర్వాత ఆ పుస్తకం 'సండే టైమ్స్' బెస్ట్ సెల్లర్ జాబితాలో 237 వారాలు నిలిచింది. కోటికి పైగా ప్రతులు అమ్ముడయ్యాయి.

నేను పట్టించుకునేది ఆ ఫోన్ కాల్‌ని. ఆ పుస్తకానికి దొరికిన పబ్లిసిటీ అంతటిలో దాన్ని నిజంగా ఆదుకున్నది అచ్చుకాని ఆ ఫోన్ కాలే. విషయం తెలిసినవాడికి పుస్తకం ముందుగా చేరింది, ఆయన దాన్ని నిజంగా చదివాడు. అదే ప్రతి ఇంటర్వ్యూ చేసుకుంటే చాలనుకునే విలేఖరి బల్ల మీద పడి ఉంటే ఆ ఫోన్ వెళ్లేది కాదు.

ఇప్పుడు దీనికి పూర్తిగా వేరైన కథ. లైనస్ పాలింగ్ 20వ శతాబ్దపు గొప్ప రసాయన శాస్త్రవేత్తల్లో ఒకరు. 1954లో రసాయనశాస్త్రంలో నోబెల్, అణుపరీక్షలకు వ్యతిరేకంగా చేసిన కృషికి 1962 శాంతి నోబెల్. వేరెవరితోనూ పంచుకోకుండా రెండు నోబెల్ బహుమతులు పొందిన మనిషి ఆయనొక్కరే. 1970లో ఆయన విటమిన్ సి గురించి, జలుబు గురించి మామూలు పాఠకుల కోసం ఒక పుస్తకం రాశారు. మనిషికి రోజుకు 100 మిల్లీగ్రాముల లోపు సరిపోయే విటమిన్‌ని గ్రాముల లెక్కన వేసుకుంటే జలుబు దరిచేరదన్నది అందులోని వాదన. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. విటమిన్ మాత్రలు కూడా. ఆ తర్వాత దశాబ్దాలుగా జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ అనే వైద్య పరిశోధనా సంస్థ సమీక్ష ఏం తేల్చిందంటే, మామూలు జనంలో రోజూ విటమిన్ సి వేసుకోవడం వల్ల జలుబులు రావడం తగ్గదు. వచ్చిన జలుబు పెద్దల్లో సుమారు 8 శాతం త్వరగా తగ్గుతుంది, అంతే. జలుబు మొదలయ్యాక వేసుకుంటే ఆ లాభం కూడా స్థిరంగా కనిపించలేదు.

పాలింగ్ మోసగాడు కాదు. తను రాసింది మనస్ఫూర్తిగా నమ్మాడు, తనూ వేసుకున్నాడు. ఆయన రసాయనశాస్త్ర నోబెల్ పరమాణువుల మధ్య బంధాల గురించి. జలుబు పడ్డ మనుషుల మీద ప్రయోగాలు ఎలా చేయాలన్నది వేరే విద్య. వైద్యుల్లో చాలామంది అప్పుడే అభ్యంతరం చెప్పారు. కానీ జనం చెవికి ముందు చేరింది రెండు నోబెల్‌ల పేరు. అంత గొప్పవాడు చెబుతున్నాడంటే నిజమే అయ్యుంటుందనుకోవడం మామూలు పాఠకుడి తప్పు కాదు. తప్పు, ఆ పేరుని ఆ వాదనకు రుజువులా మోసుకెళ్లిన వాళ్లది.

ఏజెంట్ ఉత్తరంలో మొదటి పేరా చూసినప్పుడల్లా నాకు పాలింగ్ గుర్తొచ్చేది ఇందుకే. "నోబెల్ గ్రహీత" అన్న మాట ఏ రంగంలో, ఎన్నేళ్ల క్రితం, ఏ పనికి అన్నది చెప్పకుండా వాడితే పాఠకుడు దాన్ని పుస్తకంలోని ప్రతి పేజీకీ అంటించుకుంటాడు. విశ్వం పుట్టుక మీద జీవితమంతా పనిచేసిన మనిషి మెదడు గురించీ, విద్య గురించీ, ఆర్థిక వ్యవస్థ గురించీ రాయొచ్చు. రాయాలి కూడా, బయటి చూపులో ఒక విలువ ఉంటుంది. కాకపోతే ఆ అధ్యాయాల్లో ఆయన కూడా మనలాంటి పాఠకుడే. ఆ సంగతి ఏజెంట్‌కి తెలుసు. పాఠకుడికీ తెలియాలి.

ఈ మాట నేనంటే ఒక ఏజెంట్ నాతో సూటిగా అన్నారు: "పేరు లేకపోతే మీరు ఉత్తరం తెరవనే తెరవరు కదండీ." నిజం. పత్రికాఫీసుకి రోజూ వచ్చే పుస్తకాల్లో ఏది తెరవాలో తేల్చేది చాలావరకు పేరే. ఆ తప్పులో సగం మాది. అయితే పేరు చూసి తలుపు తెరిచాక లోపలికి ఏం తీసుకొస్తారన్నది ఏజెంట్ చేతిలో ఉన్న విషయం. దీనికి ఇప్పటి వాళ్ల కన్నా మూడు శతాబ్దాల కిందటి ఒక మనిషి నాకు ఎక్కువ నచ్చుతాడు.

ఎడ్మండ్ హేలీని మనం తోకచుక్కతో గుర్తుపెట్టుకున్నాం. చలనం, గురుత్వాకర్షణ మీద న్యూటన్ రాసిన 'ప్రిన్సిపియా' బయటికి రావడానికి కారణం కూడా ఆయనే. రాయమని వెంటపడ్డాడు. తోటి శాస్త్రవేత్త రాబర్ట్ హుక్‌తో గొడవొచ్చి న్యూటన్ మూడో భాగం ఆపేస్తానంటే బతిమాలి ఒప్పించాడు. పుస్తకం వేయాల్సిన రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘం దగ్గర డబ్బు లేదు, అంతకుముందే చేపల గురించిన ఒక ఖరీదైన పుస్తకం వేసి చేతులు కాల్చుకుంది. హేలీ అచ్చు ఖర్చు తన జేబులోంచి పెట్టుకున్నాడు, ప్రూఫులు తనే దిద్దాడు. 1687లో పుస్తకం వస్తున్నప్పుడు రాయల్ సొసైటీ పత్రికలో సమీక్ష కూడా తనే రాశాడు, పేరు లేకుండా. ఏజెంట్, పబ్లిషర్, పబ్లిసిటీ మేనేజర్, సమీక్షకుడు అన్నీ ఒకే మనిషి. ఈ రోజుల్లో ఇది ఒప్పుకోదగ్గ పద్ధతి కాదు. డబ్బు పెట్టినవాడు పేరు దాచి సమీక్ష రాయడం పాఠకుడికి చేసే అన్యాయమే. కానీ ఆ సమీక్షలో హేలీ న్యూటన్‌ని పొగడటంతో ఆగలేదు. ఏ భాగంలో ఏం నిరూపించాడో, దాని నుంచి ఏం తేలుతుందో వరసగా చెప్పాడు.

దానికన్నా నాకు నచ్చేది రాజు రెండో జేమ్స్‌కి ఆయన రాసిన లేఖ. పుస్తకం ప్రతిని రాజుకి పంపుతూ, అందులోని జ్యామితి అంతా ఆయన చదవడని హేలీకి తెలుసు. జేమ్స్ రాజు కాకముందు నౌకాదళానికి అధిపతిగా పనిచేసినవాడు. అందుకని హేలీ సముద్రపు ఆటుపోట్లను ఎంచుకున్నాడు. చంద్రుడూ సూర్యుడూ కలిసి నీటిని ఎలా లాగుతారో, కొన్ని రేవుల్లో పోటు వింతగా ఎందుకు ప్రవర్తిస్తుందో తేలిక మాటల్లో రాసి పంపాడు. ఓడలు నడిపిన మనిషికి అది తన సొంత విషయం. ఎదుటివాడికి ఏ ప్రశ్న ముఖ్యమో వెతికి, ఆ ప్రశ్నకు పుస్తకంలో ఉన్న జవాబు చూపించడం. దీన్ని ఏ ఏజెంటైనా చేయొచ్చు. అందుకు పుస్తకం చదవాలి, అర్థం చేసుకోవాలి. ఆ శ్రమ పడ్డ ఉత్తరం మొదటి రెండు వాక్యాల్లోనే తెలిసిపోతుంది.

1859లో డార్విన్ పుస్తకం 'ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్' వచ్చినప్పుడు నడిచిన పబ్లిసిటీ ఇంకా ఆసక్తికరం. ఆ డిసెంబర్‌లో 'ది టైమ్స్' పత్రికలో వచ్చిన పెద్ద మెచ్చుకోలు సమీక్ష రాసింది డార్విన్ మిత్రుడు హక్స్‌లీ, పేరు లేకుండానే. మరుసటి ఏడాది వసంతంలో 'ఎడిన్‌బరో రివ్యూ'లో తిట్టిపోస్తూ వచ్చిన సమీక్ష రాసింది డార్విన్‌ని వ్యతిరేకించిన జీవశాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్. అదీ పేరు లేకుండానే, పైగా అందులో తన పనిని తనే గొప్పగా మెచ్చుకుంటూ. రెండూ చదివిన మామూలు పాఠకుడికి ఎవరు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో తెలిసే దారి లేదు.

అమెరికాలో మాత్రం వ్యవహారం వేరేగా నడిచింది. హార్వర్డ్‌లో వృక్షశాస్త్రం చెప్పే ఏసా గ్రే అక్కడ డార్విన్ పుస్తకం సరైన ముద్రణగా వచ్చేలా, రచయితకు డబ్బు ముట్టేలా ప్రచురణకర్తతో మాట్లాడాడు. నిజానికి ఏజెంట్ పనే, కమీషన్ లేకుండా. తర్వాత 1860లో ఆ పుస్తకం మీద వరసగా వ్యాసాలు రాశాడు. గ్రే గట్టి దైవభక్తుడు. ప్రకృతి వరణాన్ని గౌరవంగా వివరిస్తూనే, సృష్టి వెనక దేవుడి సంకల్పం ఉందని వాదించాడు. ఆ విషయంలో డార్విన్ ఆయనతో ఏకీభవించలేదు. అయినా ఆ వ్యాసాల్ని తన డబ్బు పెట్టి కరపత్రంగా అచ్చు వేయించి ఇంగ్లండ్‌లో పంచాడు. తన పుస్తకం 1861 ముద్రణలో ఆ కరపత్రం గురించి పాఠకులకు చెప్పాడు కూడా. తనతో పూర్తిగా ఏకీభవించని మనిషి రాసినదాన్ని తన పుస్తకం పబ్లిసిటీకి ఎంచుకున్నాడు. చదివినవాడు, అర్థం చేసుకున్నవాడు, నిజాయితీగా విభేదించినవాడు తన పక్కన ఉంటే పుస్తకానికి బలమని డార్విన్‌కి తెలుసు.

పెద్ద శాస్త్రవేత్త తరఫున ఉత్తరం రాసే ఏజెంట్ల నుంచి నేను కోరేది ఇదే ధైర్యం. ఈ పుస్తకంలో కొత్తగా చెప్పింది ఏమిటో ఒక్క పేరాలో రాయండి. దాన్ని అదే రంగంలో ఎవరు ఒప్పుకోవడం లేదో, ఎందుకు ఒప్పుకోవడం లేదో కూడా రాయండి. అలా ఎవరూ లేకపోతే బహుశా అందులో కొత్తదనమే లేదు. ఏ అధ్యాయాలు రచయిత సొంత పరిశోధనవి, ఏవి చదివి తెలుసుకుని రాసినవో చెప్పండి. సంగతుల్ని ఎవరైనా సరిచూశారా, సరిచూస్తే ఏ రంగం వాళ్లో చెప్పండి. రచయితకు ఆ విషయంతో ముడిపడ్డ కంపెనీలో వాటా ఉంటే అది మొదటి పేరాలోనే ఉండాలి. ఆయుష్షు పెంచడం గురించి పుస్తకం రాసి, దానికి సంబంధించిన మందుల కంపెనీలో వాటా ఉన్న సంగతి పాఠకుడికి ఇంకెక్కడో తెలిస్తే, ఆ తర్వాత పుస్తకంలో నిజం రాసినా ఎవరూ నమ్మరు. విడుదలకు మూడు నాలుగు నెలల ముందు ప్రూఫ్ కాపీ పంపండి. పుస్తక వ్యాపారం వాళ్ల కోసం వచ్చే పత్రికలకు ఎలాగూ పంపుతారు, విషయం తెలిసిన సమీక్షకుడికీ అంతే సమయం ఇవ్వండి. విడుదలకు వారం ముందు, ఫలానా తేదీ దాకా ఏమీ రాయకూడదన్న ఎంబార్గో ముద్ర వేసి పంపిన పుస్తకాన్ని ఎవరూ సరిగ్గా చదవలేరు. తెలియక కాదు, టైం చాలక.

ఇంకొకటి, దీన్ని నేను మరీ గట్టిగా పట్టుకుంటాను. పెద్ద శాస్త్రవేత్త పని ఒంటరిగా జరగదు. ల్యాబ్‌లో ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు పనిచేసిన విద్యార్థులు, యంత్రం తయారు చేసినవాళ్లు, పక్క ల్యాబ్‌లో అదే ఫలితం దాకా వచ్చినవాళ్లు ఉంటారు. పబ్లిసిటీకి ఒక్క ముఖమే కావాలి కాబట్టి మిగిలినవాళ్లంతా మాయమవుతారు. డీఎన్ఏ నిర్మాణం కనుక్కున్న కథని జేమ్స్ వాట్సన్ 1968లో పుస్తకంగా రాసినప్పుడు, ఆయనతో నోబెల్ పంచుకున్న క్రిక్, విల్కిన్స్ అభ్యంతరం చెప్పారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థ వెనక్కి తగ్గింది, వేరే పబ్లిషర్ వేశారు. ఎవరి ఎక్స్-రే ఫొటో లేకపోతే ఆ కథ అలా నడిచేది కాదో, ఆ రోజాలిండ్ ఫ్రాంక్లిన్ అప్పటికి చనిపోయి పదేళ్లు. పుస్తకంలో తనని చిత్రించిన తీరుకి జవాబు చెప్పే అవకాశం ఆమెకు లేదు. అలాంటి పుస్తకాన్ని పత్రిక చేతికి ఇచ్చేటప్పుడు, ఇందులో ఉన్న ఇంకెవరితో మాట్లాడొచ్చో వాళ్ల పేర్లు కూడా ఇవ్వడం ఏజెంట్ బాధ్యత అని నేను అనుకుంటాను.

పత్రికల వైపు కూడా మారాల్సింది చాలా ఉంది. పుస్తకంలోని ఒక భాగాన్ని ముందే వేసుకోవడానికి ఫస్ట్ సీరియల్ హక్కులు డబ్బిచ్చి కొన్న పత్రికే, అదే వారం రచయితతో మెత్తటి ఇంటర్వ్యూ వేసి, ఆ పక్కనే మంచి సమీక్ష వేస్తే పాఠకుడు దేన్ని నమ్మాలి? హక్కులు కొన్న సంగతి అక్కడే అచ్చు వేయాలి. సమీక్షని ఆ రంగంలో పనిచేస్తూ, రచయితతో స్నేహం గానీ పోటీ గానీ లేని మనిషికి ఇవ్వాలి. అలాంటివాళ్లు దొరకడం కష్టం, వెతకాలి. సైన్స్ తెలిసిన విలేఖరికి చదవడానికి రెండు వారాలు ఇవ్వకుండా ఇరవై నిమిషాల ఫోన్ ఇంటర్వ్యూ ఇచ్చి "చేసేయ్" అనడం మానాలి. రచయిత విమర్శలకు జవాబు చెప్పరని ఏజెంట్ ముందే షరతు పెడితే, ఇంటర్వ్యూ వద్దని చెప్పి సమీక్ష మాత్రం వేయొచ్చు. పుస్తకం అచ్చయింది, షాపులో ఉంది, దాన్ని చదివి రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంటర్వ్యూకి అనుకున్న చోటు, అదే విషయం మీద ఇంకా ఏ బహుమతీ రాని మరో పరిశోధకురాలు రాసిన పుస్తకానికి సరిపోతుంది. ఆమెకు ఏజెంట్ ఉండకపోవచ్చు. ఆ పుస్తకాన్ని పత్రికే వెతుక్కుని తెప్పించుకోవాలి.